జాబితాలో లేని ఆసుపత్రి బిల్లు: ఊరికే వదలొద్దు

గుండెనొప్పి జాబితా చూసి రాదు. అర్ధరాత్రి మనిషి చెమటలు పట్టి కూలబడితే ఏ ఆసుపత్రి దగ్గరుంటే అక్కడికే తీసుకపోతాం. ప్రాణం నిలబడ్డాక బిల్లు చేతికొస్తుంది. అప్పుడు ప్రతి ఒక్కరూ ఒకటే మాట చెప్తారు: "అది ఈఎస్ఐ లిస్టులో లేని దవాఖాన, పైసలు రావు." బీమా ఉన్నవాళ్లకైతే "నెట్‌వర్క్‌లో లేదు" అని చెప్తారు. మన పేటల్లో చాలామంది ఆ మాట నమ్మి, వడ్డీకి తెచ్చి కట్టి ఊరుకుంటారు. అది చివరి మాట కాదు.

మా మరిది సోలాపూర్‌లో ఒక టవల్ కార్ఖానాలో జాబర్. నెలనెలా జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంది. పోయిన ఏడు రాత్రి షిఫ్టులో రెండు గంటలప్పుడు ఛాతీలో నొప్పి మొదలైంది. తోటివాళ్లు ఆటోలో వేసుకొని దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకపోయారు. తెల్లారేలోపు స్టెంటు వేశారు. ఐదో రోజు ఇంటికి పంపారు. బిల్లు 1,94,000 రూపాయలు. మా తోడికోడలు పుస్తెలతాడు కుదువ పెట్టింది. మిగతాది అప్పు తెచ్చాం.

కార్ఖానా ఆఫీసులో గుమాస్తా కాగితాలు తిప్పి కూడా చూడలేదు. "తే హాస్పిటల్ యాదీత్ నాహీ" అన్నాడు. జాబితాలో లేదు, ఇక పొమ్మన్నట్టే. "భావూ, లిహూన్ ద్యా" అన్నాను నేను. రాసియ్యమన్నాను. సంతకం పెట్టి రాసియ్యాలంటే ఎవరికైనా కలం ఆగుతుంది. రెండో రోజు ఆయనే ఫారం తెచ్చిచ్చాడు.

నియమం ఏమిటంటే, ఈఎస్ఐతో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే మన చేతి నుంచి డబ్బు పెట్టే పని లేదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఒప్పందం లేని ఆసుపత్రికి పోయినా తర్వాత డబ్బు తిరిగి అడగొచ్చు. అయితే బిల్లు మొత్తం రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం, అంటే సీజీహెచ్ఎస్, ఒక్కో చికిత్సకు రేటు పెట్టింది. ఆ రేటు మేరకే ఇస్తారు. మాకు ఏడు నెలల తర్వాత 1,27,000 ఖాతాలో పడింది. మిగతా 67,000 మేమే భరించాం. అడగకపోతే మొత్తం 1,94,000 మా మీదనే పడేది. ఆ డబ్బుతోనే పుస్తెలతాడు విడిపించుకున్నాం.

సుప్రీంకోర్టు కూడా ఇలాంటి మాటే చెప్పింది. రిటైరైన ఒక కేంద్ర ప్రభుత్వ అధికారికి సీజీహెచ్ఎస్ వాళ్లు పూర్తి డబ్బు ఇవ్వనన్నారు. 2018 ఏప్రిల్‌లో శివకాంత్ ఝా కేసులో కోర్టు తీర్పిచ్చింది: ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో డబ్బు కాదనకూడదు, చికిత్స నిజంగా జరిగిందా, అవసరమైందా అన్నదే చూడాలి. ఆ తీర్పు సీజీహెచ్ఎస్ గురించి వచ్చింది. అయినా ఈఎస్ఐ అర్జీలో ఆ కేసు పేరు రాస్తే మన మాటకు బలం వస్తుంది.

మా దగ్గర మొదట ఆగింది ఒక్క కాగితం కాడ. డిశ్చార్జి కార్డులో రోగం పేరుంది గానీ, ఏ స్థితిలో వచ్చాడో లేదు. "ప్రాణాపాయ స్థితిలో తెచ్చారు, ఆలస్యం చేసే వీలు లేదు" అని డాక్టరు సంతకం, ముద్రతో రాసిచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. ఇంటికి రాకముందే ఇది అడిగి తీసుకోండి. దానితోపాటు ఇవి ఉంచుకోండి:

— డిశ్చార్జి కార్డు, పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు
— దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు, డబ్బు కట్టిన అసలు రసీదులు
— చికిత్స అవసరమేనని డాక్టరు ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్
— ఈఎస్ఐ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు

అసలు కాగితాలు ఇచ్చేముందు అన్నిటికీ జిరాక్సు తీయించండి. అర్జీ రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే "మీ కాగితాలు రాలేదు" అంటే మన దగ్గర జవాబుండదు. మూడు నెలలైనా కదలకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబియ్యాలె. ఈఎస్ఐ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 2526.

బిల్లును కూడా గుడ్డిగా నమ్మొద్దు. గుండె స్టెంటుకు 2017 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది. స్టెంటు కంపెనీ పేరు, ధర బిల్లులో విడిగా ఉండాలి. డబ్బు కట్టలేదని పేషంటును గానీ, శవాన్ని గానీ ఆపి ఉంచే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం రాసిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది.

ఈఎస్ఐ కాకుండా బీమా పాలసీ ఉన్నవాళ్లకు దారి వేరు. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ నగదు లేకుండా చికిత్స పొందేందుకు 2024 జనవరిలో బీమా కంపెనీలు ఒక ఏర్పాటు చేశాయి. ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. వాళ్లు కాదంటే కారణం రాతలో అడగండి. కంపెనీకే ముందు ఫిర్యాదు రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సోలాపూర్ వాళ్లకు పుణె, కర్ణాటక వాళ్లకు బెంగళూరు, తమిళనాడు వాళ్లకు చెన్నై, ఒడిశా వాళ్లకు భువనేశ్వర్ ఆఫీసు. యానాం పుదుచ్చేరి కిందికి వచ్చినా దాని ఆఫీసు హైదరాబాదు. ఎక్కడ రాయాలో తెలియకపోతే 155255కు ఫోన్ చేయండి.

ఇక అన్ని కార్ఖానాల్లో ఈఎస్ఐ లేదు. జీతం 21,000 దాటితే కొత్తగా చేర్చుకోరు. అలాంటివాళ్లు ఆయుష్మాన్ కార్డు గానీ, తమ రాష్ట్ర పథకం కార్డు గానీ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆయుష్మాన్ నంబరు 14555.

ఇంకొక పని ఈ నెలలోనే చేయండి. జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉంటే, యజమాని ఆ చందా కట్టాడో లేదో అడగండి. మన వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. కార్డులో భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయో చూడండి. మీకు దగ్గర్లో ఈఎస్ఐ ఒప్పందం ఉన్న ఆసుపత్రులు ఏవో కనుక్కొని, ఆ పేర్లు తలుపు వెనక అంటించండి. రాత్రిపూట ఆటో ఎక్కించేవాళ్లకు అది కనపడాలి.