త్రికోణమితీయ సర్వసమీకరణ నిర్ధారణ: అరసవల్లి సూర్యకిరణ సందర్భం

సంగ్రహం: ఒక త్రికోణమితీయ సమీకరణం కొన్ని కోణాలకు నిజమైనంత మాత్రాన సర్వసమీకరణం కాజాలదు. ఆ నిర్ధారణకు ఉపకరించే పద్ధతులను శ్రీకాకుళం సమీపంలోని అరసవల్లి సూర్యదేవాలయ ఉదాహరణతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సర్వసమీకరణం, నియత సమీకరణం, ప్రదేశం, ప్రత్యుదాహరణ, క్రాంతి.

1. ప్రవేశిక

అరసవల్లిలో ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు తొలి రోజుల్లోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజులలో సూర్యుని క్రాంతి దాదాపు −4°. సైన్(క్రాంతి) = సైన్ 23.44° × సైన్(సాయన స్ఫుటం) అనే సంబంధం ఏడాది పొడవునా చెల్లుతుంది. క్రాంతి = −4° అనే నియమం మాత్రం స్ఫుటం సుమారు 190°, 350° అయినప్పుడే నెరవేరుతుంది. మొదటిది సర్వసమీకరణ స్వభావం కలది. రెండవది నియత సమీకరణం. ఆ రెండు సందర్భాలలో మాత్రమే ఆలయాన్ని దర్శించినవారు కిరణం నిత్యమూ పడుతుందని భావించే అవకాశం ఉన్నట్లే, ఎంచుకున్న కోణాలతోనే పరీక్షించినవారు నియత సమీకరణాన్ని సర్వసమీకరణంగా భ్రమించవచ్చు.

2. ప్రత్యుదాహరణ

రెండు పక్షాలూ నిర్వచితమైన ప్రతి కోణానికీ నిజమయ్యేదే సర్వసమీకరణం. కాబట్టి ఖండనకు ఒక్క కోణం చాలు. సైన్ థీటా + కాస్ థీటా = 1 అనేది 0°, 90° వద్ద నిజం; 45° వద్ద ఎడమ పక్షం √2.

√(1 − సైన్² థీటా) = కాస్ థీటా మరింత సూక్ష్మమైనది. పాఠ్యపుస్తక పట్టికలోని 0°, 30°, 45°, 60°, 90° అన్నింటికీ ఇది నిజమే. 120° వద్ద ఎడమ పక్షం 1/2, కుడి పక్షం −1/2. కనుక ప్రత్యుదాహరణను లఘుకోణాలకు వెలుపల కూడా వెతకాలి.

3. నిరూపణలో జాగ్రత్తలు

పై సమీకరణాన్ని ఇరువైపులా వర్గం చేస్తే 1 − సైన్² థీటా = కాస్² థీటా అనే సత్యం వస్తుంది. అయినా మూల సమీకరణం అసత్యమే. వర్గం చేయడం వెనుకకు మళ్లించదగిన సోపానం కాదు. సాధ్యాన్ని సత్యమని ఊహించి బయలుదేరితే ప్రతి సోపానమూ ఉభయదిశలా చెల్లుతుందని చూపాలి. ఒక పక్షాన్ని మాత్రమే మార్చుతూ రెండవ పక్షాన్ని చేరుకోవడం క్షేమకరం.

ప్రదేశాన్నీ పేర్కొనాలి. (1 − కాస్ థీటా)/సైన్ థీటా = సైన్ థీటా/(1 + కాస్ థీటా) అనేదానిలో 0° వద్ద ఎడమ పక్షం అనిర్వచితం, కుడి పక్షం 0. ఉమ్మడి ప్రదేశంలో, అంటే సైన్ థీటా సున్న కానిచోట, ఇది సర్వసమీకరణమే.

4. ఎన్ని కోణాలు చాలు?

సాధారణంగా ఎన్ని కోణాలను పరీక్షించినా అది నిరూపణ కాదు. దీనికొక ముఖ్యమైన మినహాయింపు ఉంది. n తరగతి త్రికోణమితీయ బహుపది శూన్యబహుపది కాకపోతే ఒక ఆవర్తనంలో దానికి 2n కంటే ఎక్కువ శూన్యాలుండవు. రెండు పక్షాల భేదం అటువంటి బహుపదియై, ఒక ఆవర్తనంలోని 2n + 1 భిన్నకోణాల వద్ద సున్న అయితే సర్వసమీకరణం నిరూపితమైనట్లే. సైన్ థీటా + కాస్ థీటా − 1 మొదటి తరగతిది. 0°, 90°లతోనే దాని రెండు శూన్యాలూ ముగిశాయి. వర్గమూలం, భాగహారం ఉన్న సమీకరణాలకు ఈ ఫలితం నేరుగా వర్తించదు.

5. ముగింపు

అరసవల్లి నియమమూ స్ఫుటం దృష్ట్యా మొదటి తరగతిదే. అందువల్ల క్రాంతి ఒకే విలువను ఏడాదిలో రెండుసార్లకు మించి పొందదు. సైన్(180° − థీటా) = సైన్ థీటా అనే సర్వసమీకరణమే 190°ని 350°తో జతపరుస్తుంది. ఆ రెండు సందర్భాలూ డిసెంబరు అయనాంతానికి అటూ ఇటూ దాదాపు 80 రోజుల దూరంలో ఉండటానికి కారణమదే. నియత సమీకరణపు సాధనలను వివరించేది సర్వసమీకరణమే గనుక, బోధనలో ఈ రెండింటినీ వేరుచేసి చూపడం ఆవశ్యకం.