నెత్తిమీది కంతి

క్షురకుని దువ్వెన తగిలినప్పుడుగాని నెత్తిమీద కంతి ఉన్నదని చాలామందికి తెలియదు. గట్టిగా, గుండ్రంగా, నొప్పిలేక, వేలిక్రింద అటూ ఇటూ జరుగుతుంది. తండ్రికి ఉంటే బిడ్డలకూ రావడం కద్దు. దీనిని కొవ్వుగడ్డ అనడం వాడుకయేగాని, ఇందులోనిది కొవ్వు కాదు. గోళ్ళలోనూ వెంట్రుకలలోనూ ఉండే కెరటిన్. వెంట్రుక కుదురు పొరనుండి ఏర్పడిన తిత్తిలో అది ఏళ్ళ తరబడి పేరుకొంటుంది.

బాధించని కంతిని అలాగే ఉంచవచ్చును. పిండరాదు, తిత్తి లోపలే పగిలితే వాచి, ఎర్రబడి, సలుపుతుంది. సున్నమూ జీడిరసమూ పూసి చర్మం కాల్చుకొనేవారిని చూస్తే జాలి కలుగుతుంది. తీయించదలిస్తే, వైద్యుడు ఆ చోటికి మాత్రమే మత్తుమందు ఇచ్చి, తిత్తిని పొరతో సహా తీస్తాడు. పొర మిగిలితే కంతి మళ్ళీ రావచ్చును. వాపు ఉంటే ముందు అది తగ్గవలెను.

త్వరత్వరగా పెరిగినా, పుండుపడినా, కదలక అంటుకొనిపోయినా ఆలస్యం చేయక వైద్యునికి చూపవలెను. తీసినదానిని సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించవలెను.