తిన్నది ఒంటబట్టాలంటే...

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి కాళ్ళు పీకడం, కళ్ళు తిరగడం, కనురెప్పల లోపలివైపు పాలిపోవడం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ బాధలున్నాయా? ఇంటిచాకిరీ వల్ల వచ్చిన అలసటేలెమ్మని తీసిపారేయకండి. అది రక్తహీనత కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది.

కరీంనగర్, ఆదిలాబాద్ వంటిళ్ళలో ఇనుముకు కరువేమీ లేదు. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, నువ్వులు, అన్నిటిలోనూ ఉంది. చిక్కల్లా అది ఒంటబట్టడంలోనే! ధాన్యాలు, ఆకుకూరలలోని ఇనుమును పేగులు కొద్దిగానే పీల్చుకుంటాయి. భోంచేసిన చెయ్యి ఆరకముందే తాగే చాయ్ ఆ కొద్దిదాన్నీ అడ్డుకుంటుంది. చాయ్ మానమని చెప్పి మీ కోపానికి గురికాలేను గాని, భోజనానికీ దానికీ మధ్య గంటకు తక్కువ కాకుండా ఎడం ఉంచండి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే ఓ జామపండు తినండి. వీటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మాంసం, కార్జం తినేవారికి ఈ చిక్కు తక్కువ.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్కలో పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, స్త్రీకి 29 కావాలి. మరి కూర అడుగంటాక తినేదెవరో మీకు తెలియనిది కాదు!

ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో చేసే లడ్డు ఇప్పుడు పట్నాలకూ వస్తోంది. బలమైన తిండే, పిల్లలకు పెట్టండి. చక్కెరవ్యాధి ఉన్నవారు మాత్రం జాగ్రత్త. అంతమాత్రాన అది మందు కాదు సుమా! రక్తం బాగా తగ్గాక తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావలసిందే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే ఉపేక్షించరాదు. కాన్పులో రక్తం పోతే ఆమె తట్టుకోలేదు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో పెట్టే భోజనం, గుడ్డు, పాలు నామోషీ అనుకోకుండా తీసుకోవాలి. ఇనుము మాత్రను పాలతోగాని, చాయ్‌తోగాని, కాల్షియం మాత్రతోగాని కలిపి మింగకూడదు. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయకండి, అది మాత్ర రంగే.

ఇంకొక్క మాట. ఆదిలాబాద్ ఆదివాసీ కుటుంబాలలో కొందరికి సికిల్‌సెల్ వ్యాధి ఉంటుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఇనుము లోటు వల్ల వచ్చేది కాదు. పిల్లవాడికి పాలిపోవడంతోపాటు తరచు ఎముకల నొప్పులు, కామెర్లు వస్తుంటే టానిక్కులు కొనకండి. ముందు రక్తపరీక్ష చేయించండి.