స్లాబ్ పోసే మేస్త్రీ కాంట్రాక్టర్ ఎందుకు కాలేకపోతున్నాడు?

పాలమూరులో గానీ, నల్లగొండలో గానీ సొంతింటికి స్లాబ్ వేయించడానికి లైసెన్స్ అడిగేవాళ్లు లేరు. సెంట్రింగ్ మేస్త్రీతో చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటే చాలు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలోనూ 5 లక్షల రూపాయలు విడతలుగా లబ్ధిదారు ఖాతాలోనే పడతాయి, మేస్త్రీని వాళ్లే చూసుకుంటారు. కానీ అదే మేస్త్రీ సర్కారు బడికో, అంగన్‌వాడీకో స్లాబ్ పోయాలంటే కూలీగా పోవాల్సిందే. కాంట్రాక్టర్ వేరే ఉంటాడు.

కాంట్రాక్టర్ కావాలంటే ఏం కావాలి? ఉమ్మడి రాష్ట్రంలో నీటిపారుదల శాఖ 2003 జులై 1న ఇచ్చిన జీవో 94 ఇప్పటికీ దీనికి పునాది. మధ్యలో సవరణలు చాలా వచ్చినా చట్రం అదే. స్పెషల్ క్లాసు, దాని కింద ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులు. ఏ క్లాసులో ఉంటే ఆ విలువ దాకానే టెండర్ వేయొచ్చు. పాన్, జీఎస్టీ లాంటి కాగితాలు మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగితే వస్తాయి. అసలు చిక్కు సాల్వెన్సీ సర్టిఫికెట్ దగ్గర. అంటే ఇంత ఆస్తి ఉందని, అప్పు తీర్చగల స్థోమత ఉందని బ్యాంకో తహసీల్దారో రాసివ్వాలి. మన వాడల్లో చాలామందికి ఉన్నది అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీల్లేదు. అమ్మలేని భూమికి సాల్వెన్సీ లెక్కలో విలువెంత?

రెండో చిక్కు అనుభవం. పెద్ద టెండర్లలో బిడ్ సామర్థ్యాన్ని 2ఏఎన్-బీ అనే సూత్రంతో కడతారు. గత ఐదేళ్లలో ఏదైనా ఒక్క ఏడాదిలో చేసిన పనుల గరిష్ఠ విలువ 'ఏ'. కొత్త పని పూర్తికి పట్టే ఏళ్లు 'ఎన్'. చేతిలో ఇప్పటికే ఉన్న పనుల విలువ 'బీ'. 'ఏ' సున్నా అయితే మిగతావన్నీ ఎంతున్నా జవాబు సున్నాకు మించదు. ఇరవై ఏళ్లు స్లాబులు పోసినా ఆ పనులన్నీ వేరొకరి పేరున రికార్డయ్యాయి కాబట్టి మేస్త్రీ 'ఏ' సున్నా. ఆయన చెమట ఇంకొకరి అనుభవ పత్రమైంది.

వేరే చోట ఇలాగే ఉండాలని లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పైకప్పు పనికి సి-39 అనే ప్రత్యేక లైసెన్స్ ఉంది. అక్కడ మొదట అడిగేది ఆ పనిలో నాలుగేళ్ల అనుభవం, అది కూలికి చేసిన పనైనా సరే. తర్వాత చట్టం మీద, పని మీద పరీక్షలు. 25 వేల డాలర్ల బాండ్ కూడా కావాలి, అయితే ప్రీమియం కడితే దాన్ని ష్యూరిటీ కంపెనీ ఇస్తుంది.

అంత దూరం ఎందుకు, గద్వాల దాటితే రాయచూరే. కర్ణాటక 2017 నుంచి 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం రిజర్వ్ చేసింది. 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. తెలంగాణలోనూ పనుల్లో వాటా ఉత్తర్వులున్నాయి. కేంద్రం 2012 కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీ సంస్థలకు 4 శాతం ఉంది గానీ అది నిర్మాణ పనులకు వర్తించదు. వాటా ఒక్కటే ఇచ్చి సాల్వెన్సీ, అనుభవం షరతులను ముట్టుకోకపోతే ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. పేరు మాదిగ పిల్లవాడిది, పెట్టుబడీ లాభమూ దొరవి.

చేతిపనికి లెక్క కట్టడం సర్కారుకు చేతకాక కాదు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఇవ్వడానికి ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు తీసుకుంటోంది. ఏళ్ల తరబడి రెన్యువల్ అయిన ఆ కార్డును కింది క్లాసు రిజిస్ట్రేషన్‌లో అనుభవంగా ఎందుకు చూడకూడదు? సాల్వెన్సీకి బదులు ఎస్సీ కార్పొరేషన్ ఎందుకు పూచీ పడకూడదు? దళిత సంఘాలు జిల్లా అధికారుల ముందు పెట్టాల్సిన ప్రశ్నలివి.

ఈలోపు మేస్త్రీలు ఒక జాగ్రత్త పడాలి. సబ్ కాంట్రాక్ట్ పని నోటిమాట మీద ఒప్పుకోవద్దు. పని పేరు, కొలత, రేటు కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి, డబ్బు బ్యాంకు ఖాతాలో వేయించుకోవాలి.