సినిమాని ఆపారు, పాటల్ని ఆపలేకపోయారు

రాత్రి పదకొండింటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో ఓ పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా మొదలుపెట్టాను. రెండు పాటలు విని పడుకుందామనుకున్నా. చివరిదాకా చూసేశా.

పేరు ‘నాలుగు తెల్ల చొక్కాలు’. లాత్వియా సోవియట్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో, 1967లో తీశారు. హీరో సేజర్స్ కల్నిన్ష్ పగలు టెలిఫోన్లు బిగిస్తాడు, మిగతా టైమంతా పాటలు రాస్తాడు. ఓ చిన్న బ్యాండ్ కూడా ఉంది. ఆ పాటల్లో మాటలు బాగాలేవని సాంస్కృతిక శాఖ మనిషి ఒకావిడ ఫిర్యాదు చేస్తుంది. ఇక మొదలు... మీటింగులు, చర్చలు!

డైరెక్టర్ రొలాండ్స్ కల్నిన్ష్, మ్యూజిక్ ఇమాంట్స్ కల్నిన్ష్, హీరో కూడా కల్నిన్షే. చుట్టాలేమో అనుకున్నా. కాదట! అక్కడ అది వీధికొకరికి ఉండే ఇంటిపేరు. ‘చిన్న కొండ’ అని అర్థం.

కథలో పాటలకి పట్టిన గతే నిజంగా సినిమాకీ పట్టింది. ముందు పేరు మార్పించారు. తర్వాత అసలు జనానికి చూపించకుండా మూలన పడేశారు. సంగీతం చేసినప్పుడు ఇమాంట్స్‌కి నిండా 26 ఏళ్లు. కానీ పాటకి థియేటర్‌తో పనేముంది? సినిమా డబ్బాలో ఉండగానే పాటలు బయటికొచ్చేశాయి. కవి మారిస్ చక్లాయిస్ రాసిన ఆ పాటల్ని లాత్వియాలో ఇప్పటికీ పాడుకుంటారు.

ఇమాంట్స్ ఆగలేదు. 1973లో ‘పూత్, వేయిని’ అనే సినిమాకి సంగీతమిచ్చాడు. కవి రైనిస్ నాటకం ఆధారంగా తీసిన ప్రేమకథ అది. నాకు మాత్రం అంతకంటే ఆయన నాలుగో సింఫనీ కథే గుచ్చుకుంది. ఆర్కెస్ట్రాలోకి బాస్ గిటార్, డ్రమ్స్ తెచ్చాడు. చివరి భాగానికి అమెరికన్ కవయిత్రి కెల్లీ చెర్రీ కవితలు పెట్టుకున్నాడు. ఆమె ఆయన ప్రేమించిన అమ్మాయి. పెళ్లి చేసుకుందామనుకున్నారు, అధికారులు పడనివ్వలేదు. సింఫనీలో ఆమె మాటల్నీ ఉండనివ్వలేదు. గొంతులు లేకుండా వాయించాల్సి వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక గానీ ఆ కవితలు వాటి చోటుకి తిరిగి రాలేదు.

‘నాలుగు తెల్ల చొక్కాలు’ 1986లో బయటికొచ్చింది. అంటే దాదాపు 20 ఏళ్లు! 2018లో కాన్స్ ఫెస్టివల్ క్లాసిక్స్ విభాగంలో కొత్త ప్రింట్ వేశారు. అప్పటికి డైరెక్టర్ వయసు 96.

సినిమా మీకు దొరక్కపోతే సింఫనీ మొదటి భాగం వినండి. ఫోన్ స్పీకర్లో వద్దు, ఆ బాస్ గిటార్ వినపడదు.