ఆకాశయానం: దూరం – కాలం

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఒక చక్కని ఘట్టం ఉంది. బాహుకుడనే పేరుతో ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజును రథంపై విదర్భకు తీసుకొనిపోతుంటాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపమని రాజు కోరగా, అది అప్పటికే యోజన దూరం వెనుకబడిపోయిందని నలుడు బదులిస్తాడు. దూరం, కాలం, వేగం అనే మూడింటి సంబంధమూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

1903లో రైటు సోదరుల విమానం తొలిసారి ఎగిరినప్పుడు 12 సెకన్లలో 120 అడుగులు మాత్రమే ప్రయాణించింది. నేటి జెట్ విమానాలు గంటకు సుమారు 850 నుండి 900 కిలోమీటర్ల వేగంతో పయనిస్తున్నాయి. అయితే దూరాన్ని వేగంతో భాగించినంత మాత్రాన ప్రయాణకాలం తేలదు.

మొదట దూరం సంగతి చూద్దాం. భూమి గుండ్రనిది, పటం చదునైనది. పటం మీద గీసిన సరళరేఖ భూమి మీద అతి దగ్గరి దారి కానక్కరలేదు. భూగోళపు నమూనాపై బెంగళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారాన్ని బిగించి పట్టి చూస్తే, అది ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. ఆ దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ధ్రువం మీదుగానే ఎయిర్ ఇండియా విమానాన్ని బెంగళూరుకు చేర్చారు.

రెండవది గాలి. ఉన్నతాకాశంలో, ముఖ్యంగా సమశీతోష్ణ మండలంలో, పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీస్తాయి. అందువల్ల చెన్నై నుండి సుమారు 8,200 కిలోమీటర్ల దూరంలోని లండన్‌కు వెళ్ళేటప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా తక్కువ సమయం పడుతుంది.

మూడవది గడియారం. చెన్నై నుండి పడమట దుబాయి, తూర్పున సింగపూరు దాదాపు సమాన దూరంలో, అంటే 2,900 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రెండింటికీ ప్రయాణం సుమారు నాలుగు గంటలే. కాని ఉదయం పది గంటలకు చెన్నైలో బయలుదేరినవారు దుబాయిలో దిగేసరికి అక్కడ పన్నెండున్నర. సింగపూరులో దిగేసరికి అక్కడ సాయంత్రం నాలుగున్నర. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, సింగపూరు రెండున్నర గంటలు ముందు ఉండడమే ఇందుకు కారణం.

ఈ లెక్క పుస్తకానికే పరిమితం కాదు. చిల్లకూరులో ఒక తండ్రి జబ్బుపడ్డాడనుకుందాం. దుబాయిలో పనిచేసే కుమారుడు అక్కడి గడియారం ప్రకారం రాత్రి పది గంటలకు విమానమెక్కాడు. పదికి నాలుగు కలిపి, రెండు గంటలకే దిగుతాడని ఇంటివారు భావిస్తే, గంటన్నరసేపు ఫోను మ్రోగక అకారణంగా తల్లడిల్లుతారు. అతడు చెన్నైలో దిగేది తెల్లవారుజామున మూడున్నరకు. ఆపైన తనిఖీలు ముగించుకొని, సుమారు 150 కిలోమీటర్ల రహదారి దాటి, ఇల్లు చేరేసరికి ప్రొద్దెక్కుతుంది. దుబాయి విమానాశ్రయానికి ముందుగా చేరి వేచి ఉన్న మూడు గంటలనూ కలిపితే, ఆకాశంలో గడిచిన కాలం మొత్తం ప్రయాణంలో సగం కూడా కాదు.

విమానం సముద్రాలను దాటించగలదు. అయినా ప్రయాణం గడపలో మొదలై గడపలోనే ముగుస్తుంది. దూరాన్ని, గాలిని, గడియారాన్ని, నేలమీది దారిని కలిపి లెక్కించగలిగినవారు ప్రయాణాన్ని చక్కగా సంకల్పించుకోగలరు. ఇంటివద్ద ఎదురుచూసేవారికి ధైర్యం చెప్పగలరు.