ప్రేగుల ప్రకోపము - పథ్యము



మా ధరణికోటకు పూర్వనామము ధాన్యకటకము. పేరులోనే ధాన్యము గల యీ కృష్ణాతీరమున సైతము అన్నమునకు జంకు స్త్రీలు గలరు. భుజించినంతనే కడుపుబ్బరము, మెలిపెట్టు నొప్పి. ఒకనాడు మలబద్ధము, ఒకనాడు విరేచనములు. పరీక్షలలో దోషమేమియు గానరాదు. అంతట నింటివారు "అంతయు నీ యనుమానమే" యందురు. అది పొరపాటు.

వైద్యులు దీనిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అందురు. ప్రేగులలో పుండు లేకున్నను, వాని కదలికయు, మెదడుతో వానికి గల నాడీసంబంధమును క్రమము తప్పును. నొప్పి నిజమైనదే. చరకసంహితలోని గ్రహణీరోగము దీనికి కొంత దగ్గరిది.

పెక్కురు భయపడి ఒక్కొక్క పదార్థమునే మాని, తుదకు చారన్నముతో కాలము గడిపి నీరసించుదురు. అట్లు గాక, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమువారు రూపొందించిన పద్ధతి ననుసరింపవలెను. ప్రేగులలో పులిసి వాయువు పుట్టించు పదార్థములను 4 మొదలు 6 వారములు మాత్రము మాని, పిమ్మట నొక్కొక్కటిగా చేర్చి చూడవలెను. పడనిదానినే విడువవలెను. ఆహారశాస్త్రము తెలిసినవారి సలహా తోడైన మరింత మేలు.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, శనగలు, అలసందలు, మామిడిపండు, సీతాఫలము ఇట్టివి. వరియన్నము, వంకాయ, క్యారెట్టు, నారింజ సాధారణముగా హితములు. వెల్లుల్లి రుచి కావలసినవారు రెబ్బలను నూనెలో వేచి, తీసివైచి, ఆ నూనెతో పోపు పెట్టుకొనవచ్చును; బాధించు పదార్థము నూనెలో కరగదు. మన ప్రాంతపు మిరపకారమును తగ్గింపవలెను. మలబద్ధమునకు ఇసబ్గోలు తగినంత నీటితో మేలుచేయును. గోధుమతవుడు ఉబ్బరము పెంచును.

అందరకు వడ్డించి, ప్రొద్దువాలిన పిదప గబగబ తినుట మన యలవాటు. వేళకు, కొలదిగా, నమిలి తినుడు. కాఫీ, టీలు తగ్గింపుడు. దినమును కొంత నడవుడు, కంటినిండ నిద్రింపుడు. తేది, తిన్నది, కలిగిన బాధ ఒక పుస్తకమున వ్రాసికొనుడు.

మలమున నెత్తురు, జ్వరము, అకారణముగా బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రనుండి లేపు విరేచనములు, 50 ఏండ్లు దాటిన పిదప మొదలైన బాధ: వీనిలో నేది యున్నను పథ్యముతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని జూడవలెను.

అత్తగారలారా! కోడలు ఉల్లి లేని కూర నొక చిన్నగిన్నెలో వేరుగా వండుకొన్నచో విసుగుకొనకుడు. ఆరువారముల యా చిన్నగిన్నె ఆమెను మరల మీ పంక్తిలో కూర్చుండబెట్టగలదు.